ఉక్కు డబ్బాలో వెల్లుల్లి

"ఈ రోజు నుంచి ఈ రాష్ట్రంలో వెల్లుల్లి కుళ్ళదు!" అని మంత్రి సన్యాసిరాజు గారు ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. గాజువాకలో మా వీధి చివర వేసిన షామియానా కింద, రెండో వరసలో, ఫ్యాను గాలి తగిలే కుర్చీలో కూర్చుని నా చెవులతో విన్నాను. కనక ఇందులో కల్పన ఏమీ లేదు. కల్పనలు చెప్పే అలవాటు నాకు లేదు. మా తాత కాలంలో మా ఊళ్ళో వెల్లుల్లి దంచితే ఎలమంచిలి స్టేషన్లో కలకత్తా మెయిలు కాసేపు ఆగి, వాసన పీల్చుకుని మరీ కదిలేదన్నది కూడా కల్పన కాదు. ఆ రైలు డ్రైవరే మా తాతతో చెప్పాడు.

సన్యాసిరాజు గారు గృహ నిల్వల శాఖ మంత్రి. ఈ శాఖ ఇదివరకు లేదు. శాఖలన్నీ పంచేశాక ఇంకా ఒక మంత్రి మిగిలిపోయారు. అప్పుడు, ప్రజల వంటింట్లో పట్టించుకోని పని ఒకటి మిగిలిపోయిందని పెద్దలు గుర్తించి దీన్ని పుట్టించారు. పుట్టిన కొద్దికాలానికే మంత్రిగారు అధ్యయనం కోసం విదేశాలు వెళ్ళి, అక్కడ హోటల్లో దిగి, ఆ హోటల్ వంటగదిని అద్దంలోంచి అధ్యయనం చేసి వచ్చారు.

"అక్కడ ఒక్క వెల్లుల్లిపాయ కూడా బయటికి కనబడలేదు" అన్నారాయన మైకులో. "అన్నీ డబ్బాల్లోనే! మూతలు బిగించి! అందుకే ఆ దేశాలు అలా ఉన్నాయి. మరి మనం? వెల్లుల్లిని కిటికీలకి ఉరి తీస్తున్నాం! మనం ఇలా ఉన్నాం!"

సభలో ఆడవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. ఇన్నాళ్ళూ తామే దేశాన్ని వెనక్కి లాగుతున్నట్టు వాళ్ళకి అప్పటిదాకా తెలియదు.

పథకం పేరు వెల్లుల్లి రక్షణ మిషన్. నినాదం "మన ఉక్కు నగరం - మన ఉక్కు డబ్బా". స్టీలు డబ్బా, దానికి రబ్బరు రింగు, మూత నిండా మంత్రిగారి రంగుల ఫొటో. మిషన్ ప్రత్యేకాధికారి ఉమామహేష్ గారు డబ్బాని రెండు చేతులతో పైకెత్తి చూపించారు. కుర్రవాడే, చక్కగా ఇంగ్లీషు చదువుకున్నవాడు, చెమట పట్టినా చొక్కా నలగనివాడు.

"హండ్రెడ్ పర్సెంట్ ఎయిర్ టైట్. గాలి చొరదు, తడి చొరదు, చీమ చొరదు" అన్నారు.

నా పక్కన పైడయ్య కూర్చున్నాడు. నాకు బావ వరస. సముద్రం బాగుంటే వేటకి పోతాడు, బాగోకపోతే నా పక్కన కూర్చుంటాడు.

"బావా, మా ఎండుసేపలకి కూడా ఓ మంత్రినేస్తారేటి?" అన్నాడు నా చెవిలో.

"వేస్తారు. ముందు ఎవరో ఒకరు మిగలాలి కదా" అన్నాను.

ఇంతలో మంత్రిగారి చూపు మా వీధిలో ఒక కిటికీ మీద పడింది. స్టేజీ మరీ ఎత్తుగా కట్టడం వల్ల వచ్చిన ముప్పు ఇది. ఆ కిటికీ మా తాయారుది. దాని ఊచలకి, జడలా అల్లిన వెల్లుల్లి కట్టలు వేలాడుతున్నాయి.

"అదుగో! పైలట్ ప్రాజెక్ట్!" అన్నారు మంత్రిగారు.

తాయారు మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. నన్ను అన్నయ్యా అంటుంది. మొగుడు పోయాక ఇడ్లీలు అమ్మి కూతురికి పెళ్ళి చేసింది. ఆ కూతురు శ్రీసత్య తొలిచూలు కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. కిటికీకి వేలాడుతున్నవి ఆ కాన్పు కోసం దాచిన వెల్లుల్లిపాయలు. మా వైపు బాలింతకి పెట్టే వెల్లుల్లి కారం పాత వెల్లుల్లితోనే చెయ్యాలి. ఎండాకాలం మొదట్లో పాయలు కాడలతో సహా కొని, నీడన ఆరబెట్టి, జడ అల్లి గాలికి వేలాడదీస్తారు. నెలల తరబడి గాలి తాగిన పాయే బాలింతకి పనికొస్తుంది. చెమ్మ పట్టిన కొత్త పాయ పెడితే తల్లికి వాతం, బిడ్డకి కడుపునొప్పి అంటారు. నిజమో కాదో డాక్టర్లు చెప్పాలి. తాయారుకి వాళ్ళమ్మ ముందే చెప్పేసింది కాబట్టి డాక్టర్లకి ఆ అవకాశం రాలేదు.

మంత్రిగారు, వారి వెనక అధికారులు, వారి వెనక కెమెరాలు తాయారు వంటింట్లో దూరాయి. అందులో ఇద్దరు పడతారు. ఆ రోజు ఎంతమంది పట్టారో చెబితే మీరు నన్ను నమ్మరు. గుమ్మం ఒక పక్క కాస్త వంగింది, ఇప్పటికీ వంగే ఉంది.

"అమ్మా, ఇవేమిటి?" అన్నారు మంత్రిగారు.

"ఎల్లుల్లి బాబూ."

"ఎందుకలా వేలాడుతున్నాయి?"

"నాను యాలాడదీసినాను గనక."

ఈ జవాబులోని అమాయకత్వానికి మంత్రిగారు కరిగిపోయి, స్వయంగా కుర్చీ ఎక్కి ఒక కట్ట కిందికి దించారు, మిగతావన్నీ అధికారులు దించేశారు. డబ్బాలో జడ పట్టలేదు. కాడలు కోశారు. పాయలు కూడా అన్నీ పట్టలేదు. అప్పుడు ఉమామహేష్ గారికి మంచి ఆలోచన వచ్చింది. పొట్టు తీసేస్తే సరి, రెబ్బలన్నీ ఇముడుతాయి.

"ఒలిసీకండి బాబూ! ఒలిసీస్తే నిలవుండదు!" అని తాయారు చేతులు అడ్డుపెట్టింది.

"అమ్మా, నిలవ ఉండటానికే కదా పథకం!" అన్నారాయన, ఎంతో ఓపికగా.

మొదటి రెబ్బ మంత్రిగారే ఒలిచారు. అది వేళ్ళలోంచి జారి ఫొటోగ్రాఫర్ నుదుటికి తగిలింది. రెండో రెబ్బని ఉమామహేష్ గారు వెనకనుంచి ఒలిచి అందించగా మంత్రిగారు కెమెరా ముందు ఒలిచారు. మిగతావన్నీ పార్టీ మహిళా విభాగం వారు గోళ్ళరంగు పాడవకుండా ఒలిచి డబ్బాలో పోశారు.

"బాబూ, నా పిల్లకి నెలలు నిండొస్తన్నాయి" అంది తాయారు. "రేపు పురుడొస్తే నానేటి పెట్టాలి? ఆ ఎల్లుల్లి దానికోసం దాసినాను."

మంత్రిగారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. కెమెరాలు దగ్గరికి జరిగాయి. "చెల్లెమ్మా, నీ కూతురి పురుడికి నేనే స్వయంగా వచ్చి ఈ డబ్బా తెరుస్తాను. మేనమామ వరస నాది."

చప్పట్లు కొట్టారు. కుంకుమ పెట్టారు. మూత బిగించి, చుట్టూ గుడ్డ కట్టి, ఎర్ర లక్క కరిగించి సీలు వేశారు. డబ్బాని తాయారు వంటింటి అటక మీద పెట్టి దండ వేశారు. దాని పైన ఒక ట్యూబులైటు బిగించారు.

వెళ్ళబోతూ ఉమామహేష్ గారు తాయారుని పక్కకి పిలిచారు. "అమ్మా, ఇక దీన్ని తెరిచే అధికారం మంత్రిగారికే. ప్రోటోకాల్. పొరపాటున సీలు తెంపారో, మీ పేరు పథకాలన్నిటిలోంచీ పోతుంది. పింఛనుతో సహా. ఇది బెదిరింపు కాదు, అవగాహన."

పెద్ద చదువుల్లో ఈ రెంటికీ తేడా నేర్పుతారనుకుంటాను. నాది పల్లెటూరి బడి చదువు, అంతదాకా వెళ్ళలేదు.

ఆ సాయంత్రమే మా వార్డుని మోడల్ వార్డు చేశారు. ఎవరి కిటికీలోనూ వెల్లుల్లి వేలాడకూడదు. ప్రతి ఇంటికీ ఒక డబ్బా ఇచ్చారు. మా ఇంటి డబ్బాలో మా కోడలు సర్ఫ్ పోసుకుంది. గాలి చొరదు కాబట్టి సర్ఫ్ గడ్డ కట్టదని పథకాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటుంది.

డబ్బా ప్రారంభోత్సవం వచ్చే వారమే అన్నారు. ఆ వారం మంత్రిగారికి రాజధాని నుంచి పిలుపు వచ్చింది. ఆ తరవాత ఆషాఢం వచ్చింది. కొత్త పనికి మంచిది కాదని వారి సిద్ధాంతి గారు అన్నారు. ఆషాఢం దాటగానే బంగాళాఖాతంలో అల్పపీడనం వచ్చింది. అల్పపీడనం దాటగానే మంత్రిగారికి జలుబు వచ్చింది. ప్రజాసేవలో ఉన్నవారికి ఎన్ని ఆటంకాలో చూడండి.

విశాఖలో వానాకాలం గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆరేసిన లుంగీ పిండితే చెంబుడు నీళ్ళు వస్తాయి. ఆ గాల్లో, ఆ పిండిన లుంగీ లాంటి వంటింట్లో, ఒలిచిన వెల్లుల్లి మూత బిగించుకుని కూర్చుంది. ఆషాఢం సగంలో తాయారు నన్ను పిలిచింది.

"అన్నయ్యా, ఓపాలి రా. మంత్రిగారు ఒళ్ళు సేసినారు."

వెళ్ళి చూశాను. అటక మీద డబ్బా మూత ఉబ్బింది. దాని మీద ఫొటోలో సన్యాసిరాజు గారి బుగ్గలు పొంగి, రెండు పక్కలా గవ్వల్లా మెరుస్తున్నాయి. అసలు మనిషి కంటే ఫొటోనే ఆరోగ్యంగా ఉంది.

ఉమామహేష్ గారికి ఫోను చేశాం. ఆయన వచ్చి, ముక్కుకి రుమాలు కట్టుకుని, టాబ్లెట్‌లో ఫొటో తీసుకున్నారు.

"మంచి పరిణామం. వాల్యూమ్ పెరుగుతోంది."

"అంటే?" అన్నాను.

"అంటే లోపల నిల్వ పెరుగుతోంది, పెద్దాయనా."

"లోపల పిల్లలు పెడుతున్నాయేమో బాబూ" అన్నాను. ఆయన దాన్ని కూడా టాబ్లెట్‌లో ఎక్కించుకున్నారు.

తరవాత వాసన మొదలైంది. గాలి చొరని డబ్బాలోంచి గాలి ఎలా వస్తోందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. శ్రీసత్య నిండు పొట్టతో వీధి అరుగు మీదే అన్నం తినేది. మా వీధి పిల్లి రెండు రోజులు ఆలోచించి, ఆటో ఎక్కి గోపాలపట్నం వెళ్ళిపోయింది. అక్కడే స్థిరపడిందని విన్నాను.

"అమ్మా, తెరిసీయ్యే! కుల్లిపోతన్నాయే!" అని శ్రీసత్య మొత్తుకునేది.

"పింఛను పోద్దే" అనేది తాయారు, డబ్బాకి దణ్ణం పెడుతూ. దండ వేసి, లైటు పెట్టి, ఎదురుగా ఎవరైనా నవ్వుతూ ఉంటే మనవాళ్ళకి అనుకోకుండా చెయ్యి పైకి లేస్తుంది.

శ్రావణంలో శ్రీసత్యకి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి తల్లినీ బిడ్డనీ ఆటోలో తీసుకొచ్చి, తాయారు గుమ్మంలో దిష్టి తీసింది. కొబ్బరికాయ అలా పగిలిందో లేదో, వంటింట్లో ఢాం మని చప్పుడైంది. పైడయ్య పరుగున వచ్చాడు. నేను నా వయసుకి తగినంత పరుగున వెళ్ళాను.

సన్యాసిరాజు గారి మూత ఎగిరి సీలింగుకి కొట్టుకుని, ట్యూబులైటుని పగలగొట్టి, పొయ్యి పక్కన వెల్లకిలా పడి నవ్వుతోంది. డబ్బా తనంతట తానే ప్రారంభోత్సవం చేసుకుంది. లోపల ఆకుపచ్చటి గుజ్జు, దాని మీద నురగ. మిగతాది భోజనం వేళ ఈ పత్రిక చదివేవాళ్ళు ఉంటారు కనక రాయను.

ఉమామహేష్ గారు జీపులో వచ్చి పడ్డారు. "ఎవరు తెరిచారు?" అని అరిచారు.

"అదే తెరుసుకుంది" అంది తాయారు.

"రేపే సభ! మంత్రిగారు డేట్ ఇచ్చేశారు! ప్రెస్సు వస్తోంది! లైవు!" ఆయన చొక్కా మొదటిసారి నలిగింది.

తాయారు ఏడవలేదు. పొయ్యి ముందు పీట మీద కూర్చుంది. పక్క గదిలో బిడ్డ కేర్ కేర్ మంటోంది. "నాకు మీ సభ తెల్దు, మీ లైవు తెల్దు బాబూ. రేపటి నుంచి దానికి పత్తెం కారం పెట్టాల. నా ఎల్లుల్లి నాకిచ్చీండి. పింఛను తీసేస్తే తీసీండి. పాత ఎల్లుల్లి తెచ్చీండి."

 

"పాత వెల్లుల్లి మార్కెట్లో దొరకదా?" అన్నారు ఉమామహేష్ గారు నెమ్మదిగా.

"వానాకాలం మార్కెట్లో దొరికేవన్నీ చెమ్మ పట్టి మొలకలేస్తున్నవే బాబూ" అన్నాను. "ఎవరింట్లోనో కిటికీకి వేలాడేవి కావాలి."

ఆయన నన్ను వెంటబెట్టుకుని వార్డులో ఇంటింటికీ తిరిగారు. వెల్లుల్లి ముసలిదో పడుచుదో చూసి చెప్పడానికి ముసలివాడు కావాలన్నారు. తలుపు తట్టడం, "మీ ఇంట్లో వేలాడే వెల్లుల్లి ఉందా?" అనడం. ఆయన్ని చూడగానే మొహాలు పాలిపోయేవి.

"అయ్యబాబోయ్, లేదండి! అన్నీ డబ్బాలోనే!"

"ఉంటే ఏమీ చెయ్యనమ్మా. బతిమాలుతున్నాను."

"ఒట్టండి! మా కిటికీకి మేకే లేదండి!"

ఒక ఇంట్లో వినాయకుడి పటం వెనక నుంచి వెల్లుల్లి వాసన వచ్చింది. ఇంకో ఇంట్లో గోడ మీద క్యాలెండరు బాగా ఉబ్బెత్తుగా ఉంది. ఆగస్టు నెల అంత లావుగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. పైడయ్య ఇంటి ముందు తాడు మీద ఎండుచేపలు ఆరుతున్నాయి. "ఇయ్యి కావాలేటి సార్? పథకంలో లేవు కదా, బయటే ఉన్నాయి" అన్నాడు.

వార్డంతా తిరిగి ఉమామహేష్ గారు జీపు బానెట్ మీద తల ఆన్చారు. మోడల్ వార్డులో ఏ ఇంటా వెల్లుల్లి వేలాడటం లేదు. మిషన్ నూటికి నూరు పాళ్ళు విజయవంతమైంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాబూ, మరి మంత్రిగారింట్లో?" అన్నాను.

"వారింట్లోనా? వారిది ఆదర్శ గృహం! అన్నీ డబ్బాల్లోనే!"

"ఒకసారి పెరట్లోంచి చూసొద్దాం."

మంత్రిగారు ఆ పూట గోపాలపట్నంలో బస్సు షెల్టరు ప్రారంభిస్తున్నారు. వారింటికి వెనక గేటు నుంచి వెళ్ళాం. పెరట్లో వేన్నీళ్ళ పొయ్యి ముందు వారి తల్లి సీతాలమ్మ గారు కూర్చుని పుల్లలు ఎగదోస్తున్నారు. పొయ్యి పైన రేకుల చూరుకి వరసగా వేలాడుతున్నాయి వెల్లుల్లి జడలు! ఆరి, పొగ చూరి, ముదిరి, నల్లగా మసిబారి! పాతకాలపు పెద్దమనుషుల్లా ఉన్నాయి.

ఉమామహేష్ గారు వాటికి చేతులు జోడించారు. "అమ్మా, ఇవి... డబ్బాలో..."

"డబ్బాలా? ఆ గదినిండా ఉన్నాయి, కావాలంటే అట్టుకెల్లు" అన్నారావిడ. "మా కోడలు ఓ దాంట్లో ఎల్లుల్లి ఎట్టింది. మొలకలొచ్చీసి మూత తన్నీసినాయి. ఇయ్యి నాను కట్టినవి. మా వోడికి తెల్దులే. పప్పులో ఎల్లుల్లి తగలకపోతే ఆడు కంచం ముట్టడు. ఎక్కడినుంచి వొస్తందని ఎప్పుడైనా అడిగినాడేటి?"

నేను ముందుకొచ్చి సంగతి చెప్పాను. శ్రీసత్య, బిడ్డ, పత్యం, అన్నీ. సభ మాట ఎత్తలేదు.

"బాలింతకా?" ఆవిడ లేచి నిలబడ్డారు. "బాలింతకైతే అన్నీ అట్టుకెల్లండి. సభకైతే ఒక్క రెబ్బ కూడా ఇవ్వను. ఆడి సభలకి ఇంట్లో కుర్సీలు పోనాయి, తివాసీ పోనాది, పోయినేడు నా దుప్పటి పోనాది."

"బాలింతకేనండీ" అన్నారు ఉమామహేష్ గారు తడుముకోకుండా. "సభ మీదుగా వెళ్తుంది."

ఆ క్షణంలో ఆ కుర్రవాడు చాలా పైకి వస్తాడని నాకు తెలిసిపోయింది.

దారిలో గిన్నెల మాటు పెట్టేవాడి దగ్గర ఆగి, సన్యాసిరాజు గారి రెండు చెంపలూ కొయ్యసుత్తితో వాయించి మూత చదును చేయించాం. "ఈయన్నెక్కడో సూసినట్టుంది" అన్నాడు వాడు, కొడుతూనే.

వెల్లుల్లి చూసి తాయారు ముందు వాసన పీల్చింది, తరవాత కళ్ళకద్దుకుంది. "ఇయ్యీ ఎల్లుల్లంటే! మా అమ్మ కట్టినట్టే ఉన్నాయి."

"అమ్మా, ఈ రాత్రికి ఒలిచేసి..." అని ఉమామహేష్ గారు మొదలుపెట్టారు.

తాయారు కత్తిపీట మీద చెయ్యి వేసింది. "పొట్టు మీద సెయ్యేసినావంటే సూడు. ఓపాలి ఒలిసి సూపించినారు గదా, సాలదా?"

కాడలు కొయ్యడానికి మాత్రం ఒప్పుకుంది. పాయలు పాయలుగా డబ్బాలో సర్ది, మూత బిగించి, లక్క వేశాం. తెల్లవారేదాకా డబ్బాకి కాపలాగా తాయారు పక్కనే పడుకుంది.

మర్నాడు సభ అద్భుతంగా జరిగింది. పెద్ద తెర మీద ముందుగా పాత వీడియో వేశారు. మంత్రిగారు రెబ్బ ఒలవడం, తెల్లగా మల్లెమొగ్గల్లాంటి రెబ్బలు డబ్బాలో పడటం, సీలు వెయ్యడం, అన్నీ. అదే తప్పయింది. జనానికి లోపల ఏముండాలో బాగా గుర్తుండిపోయింది.

మంత్రిగారు సీలు తెంపారు. మూత తీశారు. చెయ్యి లోపలికి పెట్టి, కెమెరాల వైపు చిరునవ్వుతో తిరిగి, చెయ్యి పైకెత్తారు.

చేతిలో ఒక నిండు వెల్లుల్లిపాయ ఉంది. పొట్టుతో సహా.

 మంత్రిగారు చేతిలోకి చూసుకున్నారు. డబ్బాలోకి చూశారు. ఇంకోటి తీశారు. దానికీ పొట్టు ఉంది. ఉమామహేష్ గారి వైపు చూశారు. ఉమామహేష్ గారు ఆకాశం వైపు చూశారు.

నేను చాలామంది నాయకుల్ని చూశాను గానీ, ఇటువంటి సమయంలో అలా నిలదొక్కుకున్నవాణ్ణి చూడలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"చూశారా!" అన్నారు. "మీ కళ్ళెదుట ఒలిచి పెట్టాం! ఒలిచిన వెల్లుల్లికి మళ్ళీ పొట్టు తొడిగించిన ప్రభుత్వం మాది! దేశంలో ఇంకెక్కడైనా జరిగిందా?"

 షామియానా ఎగిరిపోయేలా చప్పట్లు. వెనక వరసలో ఈలలు. నేను కూడా కొట్టాను. నా జీవితమంతా నేను చెప్పినవి ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. కలకత్తా మెయిలు ఆపిన మా తాత కూడా ఆయన ముందు కుర్రకుంక.

"బావా, మరి మంత్రిగారి సేతికి ఆ మసేటి?" అన్నాడు పైడయ్య.

నిజమే. పాయలు పట్టుకున్న చేత్తో నుదుటి చెమట తుడుచుకోవడంతో సన్యాసిరాజు గారి మొహం మీద నల్లటి నామం పడింది.

"ఉక్కు ఫ్యాక్టరీ మసి కలిసిన మన ఊరి గాలి కదా బావా, మేడ మీద ఆరేసిన బట్టలకి మాత్రం అంటుకోదూ!" అన్నాను.

"గాలి సొరదన్నారు?"

"చప్పట్లు కొట్టు."

అప్పటికే తాయారు స్టేజీ ఎక్కేసింది. మంత్రిగారి చేతిలోంచి రెండు పాయలూ తీసుకుని డబ్బాలో వేసి, మూత పెట్టి, చంకనెత్తుకుంది. "మేనమామవన్నావు. పురుడికొస్తానన్నావు, వొచ్చినావు. సల్లగుండు బాబూ" అని దిగిపోయింది. ఉపన్యాసం ఇంకా బోలెడు ఉంది, ఆవిడ ఆగలేదు. ఆ పాయలు ఒలిచి, జీలకర్రా మిరపకాయలూ వేయించి రోట్లో దంచుతుంటే ఘాటు మైకు దాకా వచ్చింది. మంత్రిగారు ప్రసంగంలో రెండుసార్లు తుమ్మారు. శ్రీసత్య ఆ కారం నెయ్యి వేసి వేడన్నంలో కలుపుకుని, పక్కన బిడ్డని పెట్టుకుని, వారాల తరవాత మొదటిసారి వంటింట్లో కూర్చుని తింది.

ఇక మంత్రిగారి ఇంటి సంగతి వారి జీపు డ్రైవరు చెప్పాడు. ఆ మధ్యాహ్నం పప్పులో వెల్లుల్లి తగల్లేదట. ఆయన కంచం తోసేసి "అమ్మా, ఏది?" అన్నారట. "నువ్వే గదరా పొద్దున్న స్టేజీ మీద దానం సేసీసినావు, టీవీలో సూసినాను" అందట ఆవిడ.

సాయంత్రం ఉమామహేష్ గారు తాయారు ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, నేల చూపులు చూస్తూ, "గుప్పెడు పాయలు ఉంటే... పెద్దింటికి..." అన్నారు.

"ఉన్నాయి, అట్టుకెల్లు" అంది తాయారు.

ఆవిడ కిటికీ వైపు వెళ్ళింది. కిటికీ ఊచకి తాడు కట్టి ఉక్కు డబ్బా వేలాడుతోంది. దానికి చుట్టూ, మూతకి అంతటా మేకుతో చిల్లులు కొట్టి ఉన్నాయి. సన్యాసిరాజు గారి నవ్వులోంచి, కళ్ళలోంచి, రెండు బుగ్గల్లోంచి హాయిగా గాలి ఆడుతోంది.

"ఇదేమిటమ్మా!" అన్నారు ఉమామహేష్ గారు.

"డబ్బా మంచిదే బాబూ. గాలొక్కటే తక్కువైంది."

ఆయన చాలాసేపు దాన్ని చూశారు. జేబులోంచి టాబ్లెట్ తీశారు.

వారం తిరక్కుండా మా వీధి చివర మళ్ళీ షామియానా వేశారు. "ఈ రోజు నుంచి ఈ రాష్ట్రంలో వెల్లుల్లి ఊపిరి పీల్చుకుంటుంది!" అని మంత్రిగారు ప్రకటించారు. మిషన్ రెండో దశ. ఇంటికొక మేకు ఉచితం. సుత్తి లబ్ధిదారులే తెచ్చుకోవాలి. చిల్లులు మూతకి మాత్రమే కొట్టాలి, ఫొటోకి ఎట్టి పరిస్థితుల్లోనూ తగలకూడదు. మూత నిండా ఫొటోయే కదా అని పైడయ్య లేచి అడిగితే, దాని మీద కమిటీ వేశామన్నారు.

కమిటీ నివేదిక ఇంకా రాలేదు. మా వార్డు జనమంతా ఒళ్ళో డబ్బాలు పెట్టుకుని, చేతుల్లో సుత్తులు పట్టుకుని ఇంకా షామియానా కింద కూర్చునే ఉన్నారు. నేను రెండో వరసలో, ఫ్యాను గాలి తగిలే కుర్చీలో ఉన్నాను. మొదటి మేకు మంత్రిగారే స్వయంగా కొడతారట.